ఓడిపోయే డిటెక్టివ్

నీలి సముద్రం, తెల్లటి కొండలు, ఏడాదిలో దాదాపు 300 రోజుల ఎండ... ఇలాంటి చోట నేరాలేమిటి అనిపిస్తుంది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సెయ్ నగరంలో మాత్రం ఓ డిటెక్టివ్‌కి చేతినిండా పనే! చిత్రమేమిటంటే, అతను ప్రతిసారీ ఆలస్యంగానే చేరుకుంటాడు. అయినా పాఠకులు అతన్ని వదల్లేదు. మూడంటే మూడే నవలలతో ఓ నగరానికి చిరునామాగా మారిపోయిన ఫాబియో మోంతాలే కథ ఇది.

డిటెక్టివ్ అనగానే చాలామందికి లండన్ పొగమంచు, పొడుగు కోటు, నోట్లో పైపు గుర్తొస్తాయి. కొమ్మూరి సాంబశివరావు నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన తరానికైతే మద్రాసు వీధులు, డిటెక్టివ్ యుగంధర్, పక్కనే అసిస్టెంటు రాజు. ఊరేదైనా సూత్రం ఒకటే. చివరి పేజీకి హంతకుడు దొరకాలి. పుస్తకం మూసేసి పాఠకుడు హాయిగా నిద్రపోవాలి.

ఫ్రెంచి డిటెక్టివ్ ఎవరని అడిగితే ఠక్కున హెర్క్యూల్ పొవారో పేరు చెప్పేవాళ్లున్నారు. పాపం, తనది బెల్జియం అని ఆయన పుస్తకం పుస్తకానికీ మొత్తుకుంటూనే ఉంటాడు! అసలు సిసలు ఫ్రెంచి పోలీసు అంటే కమిషనర్ మేగ్రే. ఆయన్ని సృష్టించిన జార్జ్ సిమెనాన్ కూడా బెల్జియం వాడే కావడం మరో తమాషా. పారిస్ వానల్లో తడిసే ఈ మేగ్రేని సిమెనాన్ రెండు మూడుసార్లు దక్షిణ తీరానికి పంపాడు. 1932లో వచ్చిన 'లిబర్టీ బార్' నవల కోసం ఆంటీబ్ పట్టణానికి, 1949 నాటి 'నా మిత్రుడు మేగ్రే' కోసం పోర్కెరోల్ దీవికి. రెండుచోట్లా ఆయన పరిస్థితి ఒకటే. ఆ ఎండకు, ఆ గాలికి ఒళ్లు బద్ధకిస్తుంది. దర్యాప్తు కంటే కునుకు ముఖ్యమనిపిస్తుంది. సెలవుల్లో చుట్టపుచూపుగా వచ్చిన ఉద్యోగి ఇబ్బంది అది.

మోంతాలే అలా కాదు. ఆ ఎండ అతని సొంత ఊరిది. ఆ ఎండలో పడి ఉన్న శవాలు కూడా అతని సొంతవాళ్లవే.

స్వయంవరంతో పుట్టిన ఊరు

మోంతాలే గురించి చెప్పాలంటే ముందు మార్సెయ్ గురించి చెప్పాలి. మన పాత పుస్తకాల్లో దీన్నే మార్సెయిల్స్ అని రాసేవారు. 1910 జులై 8న బ్రిటిష్ వాళ్ల ఓడ నుంచి సావర్కర్ సముద్రంలోకి దూకింది ఈ రేవులోనే. 1931 సెప్టెంబరులో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళుతూ గాంధీజీ ఓడ దిగిందీ ఇక్కడే. విమానాలు రాకముందు తూర్పు దేశాల వాళ్లకి ఫ్రాన్స్ అంటే మొదట కనిపించేది మార్సెయ్.

ఈ ఊరి పుట్టుక గురించి ఓ కథ ఉంది. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకు నావికులు కొందరు ఈ తీరానికి వచ్చారట. సరిగ్గా ఆ రోజే స్థానిక తెగ రాజు కూతురు జిప్టిస్‌కి స్వయంవరం జరుగుతోంది. తనకు నచ్చినవాడి చేతికి పానపాత్ర అందించాలి, అదే వరమాల. ఆమె తమ తెగ యువకులందర్నీ దాటుకుంటూ వెళ్లి, అప్పుడే ఓడ దిగిన ప్రోటిస్ అనే పరాయివాడి చేతిలో దాన్ని పెట్టింది! కట్నంగా దక్కిన నేలమీద వెలిసిందే మార్సెయ్.

నిజమో కల్పనో గానీ ఈ కథంటే మోంతాలే సృష్టికర్త జాఁ క్లోద్ ఇజోకి ప్రాణం. పరాయివాడిని పెళ్లాడి పుట్టిన ఊళ్లో పరాయివాడెవడు అన్నది అతని ప్రశ్న. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి, ఆర్మేనియా నుంచి, అల్జీరియా నుంచి, కొమొరో దీవుల నుంచి... వందేళ్లకు పైగా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లతోనే ఆ నగరం నిండింది. ముందు వచ్చినవాళ్లు తర్వాత వచ్చినవాళ్లను పట్టుకుని 'వీళ్లెక్కడి వాళ్లు?' అనడం కూడా అక్కడ పాత అలవాటే.

ఇజో కూడా అలా వచ్చినవాళ్ల బిడ్డే. 1945 జూన్ 20న మార్సెయ్‌లో పుట్టాడు. తండ్రి దక్షిణ ఇటలీ నుంచి వలస వచ్చి బార్‌లో పనిచేసేవాడు. తల్లి స్పెయిన్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టింది. వలస వచ్చినవాళ్ల పిల్లాడికి పెద్ద చదువులెందుకు అనుకున్నారేమో, బడివాళ్లు అతన్ని లేతు మిషను పని నేర్పే కోర్సులోకి పంపారు. అతను నేర్చుకున్నాడు గానీ మనసంతా కవిత్వం మీదే. సైనిక సేవలో భాగంగా జిబుటి వెళ్లొచ్చాడు. కమ్యూనిస్టు పార్టీలో పనిచేశాడు, ఆ పార్టీ పత్రిక 'లా మార్సెయేజ్'లో విలేకరిగా ఊరంతా తిరిగాడు. 1978లో పార్టీకి దూరమయ్యాడు. కవిత్వం పుస్తకాలు వేసుకున్నాడు. వాటిని చదివింది కొద్దిమందే.

1993లో ఓ సాహిత్య పత్రికకు మార్సెయ్ నేపథ్యంగా చిన్న కథ రాశాడు. అది చదివిన ప్యాత్రిక్ రెనాల్ 'దీన్ని నవల చెయ్' అన్నాడు. రెనాల్ ఆషామాషీ మనిషి కాదు. 1945 నుంచి ఫ్రెంచి పాఠకులకు నేర కథలు అందిస్తున్న గాలిమార్ సంస్థ వారి 'సెరీ న్వార్' నవలలకు సంపాదకుడు. అలా 1995లో 'టోటల్ ఖెయోప్స్' వచ్చింది. అప్పటికి ఇజోకి 50 ఏళ్లు. తొలి నవల!

ముగ్గురు మిత్రులు

'టోటల్ ఖెయోప్స్' అనే మాట మార్సెయ్ ర్యాప్ బృందం ఐయామ్ పాట నుంచి తీసుకున్నది. మన భాషలో 'సర్వం గందరగోళం' అనుకోవచ్చు. ఉగో, మాన్యు, ఫాబియో... రేవు పక్కనే గుట్టమీదున్న లె పానియే పేటలో కలిసి పెరిగిన ముగ్గురు పేద కుర్రాళ్లు. ముగ్గురూ వలస కుటుంబాల వాళ్లే. ముగ్గురికీ పుస్తకాల పిచ్చి, ముగ్గురికీ లోల్ అనే అమ్మాయంటే ఇష్టం. జేబుఖర్చు కోసం చిన్న చిన్న దొంగతనాలు మొదలెడతారు. ఓ రాత్రి దోపిడీలో తుపాకీ పేలి, ఓ మందుల షాపు యజమాని జన్మంతా మంచానికే పరిమితమవుతాడు. ఫాబియో అక్కడితో తెగతెంపులు చేసుకుని సైన్యంలో చేరతాడు, తర్వాత పోలీసవుతాడు. మిగిలిన ఇద్దరూ పాత దారిలోనే పోతారు.

ఇరవై ఏళ్లు గడుస్తాయి. మాన్యుని ఎవరో చంపేస్తారు. పగ తీర్చుకోవడానికి ఉగో తిరిగొస్తాడు, అనుకున్న పని చేస్తాడు, పోలీసు తూటాలకు నేలకొరుగుతాడు. ఇదంతా ముందుమాటలోనే జరిగిపోతుంది. ఇన్‌స్పెక్టర్ మోంతాలే మనకు మొదటిసారి కనిపించేసరికి చిన్ననాటి నేస్తం శవం ముందు నిలబడి ఉంటాడు.

చూశారా... కథ మొదలయ్యేసరికే అతను ఆలస్యం! తర్వాత లైలా. తండ్రి మూలూద్ అల్జీరియా నుంచి వచ్చిన కూలీ. కూతుర్ని సాహిత్యంలో పెద్ద చదువు చదివించుకున్నాడు. ఆ అమ్మాయి మోంతాలేను ఇష్టపడింది. వయసు తేడా గుర్తుచేసుకుని అతనే దూరంగా ఉండిపోయాడు. ఆమె కనపడటం లేదని తెలిసి వెతకడం మొదలుపెట్టేసరికి అంతా అయిపోయింది. మాఫియా, అవినీతి పోలీసులు, జాతి ద్వేషం తలకెక్కినవాళ్లు... నేరం మూలాలు ఒక్కొక్కటీ బయటపడతాయి. కానీ న్యాయం దొరికిందన్న తృప్తి మాత్రం ఎవరికీ మిగలదు. నవల అయ్యేసరికి మోంతాలే పోలీసు ఉద్యోగం కూడా వదిలేస్తాడు.

మామూలు నేర నవలలో 'ఎవరు చంపారు?' అన్నది ప్రశ్న. ఇజో పుస్తకాల్లో దానికి అంత విలువ లేదు. చనిపోయింది ఎవరు, ఏ వీధి, ఇంట్లో ఏం వండుకుంటారు, తండ్రి ఏ పని చేసి చేతులు కాయలు కట్టించుకున్నాడు... వీటిమీదే అతని ధ్యాసంతా. పోలీసు రికార్డులో ఒక్క లైనుతో సరిపెట్టే మనుషులకి ఇక్కడ పేజీలకు పేజీలు దక్కుతాయి.

ఒనొరీన్ వంటిల్లు

ఇంత విషాదమైతే ఎవరు చదువుతారు అనుకోవచ్చు. అక్కడే ఉంది కిటుకు. మోంతాలే నగరం నడిబొడ్డున ఉండడు. ఊరి చివర, రోడ్డు ఆగిపోయే చోట లె గూద్ అనే చేపలవాళ్ల పల్లె ఉంది. చెట్టూ చేమా లేని తెల్లటి సున్నపురాతి కొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోతుంటాయి. ఆ కొండల మధ్య సన్నటి సముద్రపు పాయలను కలాంక్ అంటారు. అక్కడ తల్లిదండ్రులు వదిలివెళ్లిన చిన్న ఇల్లు అతనిది. ఓ పడవ కూడా ఉంది. మనసు బాగోలేనప్పుడు పడవ తీసుకుని సముద్రంలోకి వెళ్లిపోతాడు.

పక్కింట్లో ఒనొరీన్ అనే పెద్దావిడ. భర్త పోయాడు. మోంతాలేని కన్నకొడుకులా చూసుకుంటుంది. అతను ఏ అర్ధరాత్రి ఇల్లు చేరినా మూత పెట్టిన గిన్నె ఒకటి సిద్ధంగా ఉంటుంది. చేపలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, పచ్చి తులసి జాతి ఆకు... చదువుతుంటేనే వాసన తగులుతుంది. మార్సెయ్ వాళ్ల పేరున్న వంటకం బూయాబేస్ కూడా నిజానికి పేదల కూరే. బజారులో అమ్ముడుపోని ముళ్ల చేపల్ని బెస్తవాళ్లు సముద్రం ఒడ్డునే పులుసు పెట్టుకునేవారు. ఇప్పుడదే పులుసు కుంకుమపువ్వు వేసుకుని పెద్ద హోటళ్లలో పెద్ద ధర పలుకుతోంది.

ఇంకొంచెం ముందుకెళితే ఫొంఫొన్ బార్. ముసలాయన. అక్కడ దొరికేది పాస్టిస్. సోంపు వాసన వేసే ఈ మద్యంలో నీళ్లు పోస్తే పాలలా తెల్లబడుతుంది. మనకి అరుగుల మీద కబుర్లు ఎలాగో అక్కడ గ్లాసు ముందు పెట్టుకుని కబుర్లు అలాగ. ఊళ్లో హత్యలు జరుగుతున్నా ఈ ముగ్గురూ భోజనం దగ్గర చేపల గురించి, వాతావరణం గురించి వాదించుకుంటూనే ఉంటారు. మోంతాలే కాపాడుకోవాలనుకునేది ఏమిటో పాఠకుడికి ఉపన్యాసం లేకుండా అర్థమయ్యే చోటు ఆ భోజనాల బల్లే.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. మోంతాలే ప్రతి పుస్తకంలోనూ ఇద్దరు ముగ్గురు స్త్రీలతో ప్రేమలో పడతాడు. వాళ్లలో ఎవరో ఒకరు కథ కోసం బలైపోతారు. ఇంత సున్నిత మనస్కుడైన రచయితకి ఆడవాళ్ల కోసం ఇంతకంటే మంచి దారి దొరకలేదా అనిపిస్తుంది. కొన్నిచోట్ల తాగుడు, జాజ్ సంగీతం, నిట్టూర్పులు కూడా మోతాదు మించుతాయి.

పదిహేడేళ్ల కుర్రాడు

1996లో రెండో నవల 'షుర్మో' వచ్చింది. పాతకాలంలో ఓడల అడుగున తెడ్లు వేసే బానిసలని ఆ ప్రాంతపు భాషలో అలా పిలిచేవారు. ఒకే ఓడలో, ఒకే తెడ్డు పట్టుకున్నవాళ్లకి నీదేవూరు నాదేవూరు అన్న తేడా ఏముంది? అదీ ఆ మాట వెనకున్న ఉద్దేశం.

ఈసారి మోంతాలే పోలీసు కాదు. వరసకు అక్క అయ్యే జెలూ వచ్చి, కొడుకు గిటూ ఇంట్లోంచి వెళ్లిపోయాడు వెతికిపెట్టమంటుంది. కుర్రాడు నయీమా అనే అల్జీరియా సంతతి అమ్మాయి కోసం మార్సెయ్ వచ్చాడు. వాడు ఇక లేడన్న సంగతి మనకి మొదటి పేజీల్లోనే తెలుసు. వెతుకుతున్న మామయ్యకి తెలియదు. ప్రతి గుమ్మం దగ్గరా అతను ఆశగా తలుపు కొడుతుంటే చదివేవాళ్ల గుండె చెరువవుతుంది.

ఈ పుస్తకాన్ని ఇజో అంకితమిచ్చింది ఓ నిజమైన కుర్రాడికి. పేరు ఇబ్రహీం అలీ. కొమొరో దీవుల నుంచి వచ్చిన కుటుంబం, వయసు 17. మార్సెయ్ ఉత్తర శివార్లలోని అపార్టుమెంట్లలో ఉండేవాడు. స్నేహితులతో కలిసి ర్యాప్ బృందంలో పాడేవాడు. 1995 ఫిబ్రవరి 21 రాత్రి పాటల సాధన ముగించుకుని అందరూ బస్సు అందుకోవాలని పరుగెత్తుతున్నారు. అదే రోడ్డుమీద నేషనల్ ఫ్రంట్ పార్టీ కార్యకర్తలు ముగ్గురు ఎన్నికల పోస్టర్లు అంటిస్తున్నారు. వాళ్ల దగ్గర పోస్టర్లూ జిగురే కాదు, తుపాకులు కూడా ఉన్నాయి. వెనక నుంచి తగిలిన తూటాకు ఇబ్రహీం అక్కడే కుప్పకూలాడు. కాల్చినవాడికి 1998లో 15 ఏళ్ల జైలుశిక్ష పడింది.

మోంతాలే పోలీసుగా తిరిగింది ఆ ఉత్తర శివార్లలోనే. 1960ల్లో హడావుడిగా లేపిన కాంక్రీటు బ్లాకులు, పని లేని యువకులు, మాదకద్రవ్యాలు అమ్మించుకునే ముఠాలు. జినెదిన్ జిదాన్ పుట్టిపెరిగిన లా కాస్తెలాన్ కూడా అక్కడిదే. ఇజో ఆ పేటలని భయపెట్టేలా రాయలేదు, జాలి చూపించీ రాయలేదు. తను పెరిగిన పానియే పేట మీద ఒకప్పుడు ఏ ముద్ర వేశారో వీటిమీదా అదే వేస్తున్నారన్నది అతని బాధ. ఆ పోలిక ఊరికే రాలేదు. 1943 జనవరి, ఫిబ్రవరి నెలల్లో జర్మన్ నాజీలు రేవు పక్కనున్న పాత పేటలు నేరగాళ్ల అడ్డాలంటూ సుమారు 20 వేల మందిని ఖాళీ చేయించి, దాదాపు 1,500 భవనాలను మందుపాతరలతో నేలమట్టం చేశారు. ఫ్రెంచి పోలీసులే దగ్గరుండి ఖాళీ చేయించారు.

తెరమీద అలెన్ డెలాన్!

మూడో నవల 'సొలేయా' 1998లో వచ్చింది. మైల్స్ డేవిస్ సంగీతంలోని ఓ రచన పేరు అది. మాఫియా డబ్బు బ్యాంకుల గుండా ఎలా తెల్లబడుతుందో వివరాలు సేకరించిన పాత్రికేయురాలు బాబెత్ అజ్ఞాతంలోకి వెళుతుంది. ఆమె ఎక్కడుందో చెప్పమని మోంతాలేని అడుగుతూ, అతనికి దగ్గరివాళ్లని ఒక్కొక్కర్నీ చంపుతుంటారు. ముగింపు ఇక్కడ చెప్పడం న్యాయం కాదు. నాలుగో నవల రాయమని ఎవరూ అడగకుండా ఇజో తనే తలుపు వేసేశాడని మాత్రం చెప్పొచ్చు.

అప్పటికే పుస్తకాలు లక్షల్లో అమ్ముడవుతున్నాయి. నవలలు పట్టుకుని మార్సెయ్ వీధులు తిరిగే పర్యాటకులు మొదలయ్యారు. కానీ ఆ వైభవం చూడటానికి ఇజోకి ఎక్కువ సమయం లేకపోయింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2000 జనవరి 26న, 54 ఏళ్లకే కన్నుమూశాడు. తొలి నవల వచ్చిన అయిదేళ్లలో అంతా ముగిసిపోయింది.

రెండేళ్లకు, 2002 జనవరిలో, టీఎఫ్1 ఛానెల్ మోంతాలేని మూడు భాగాలుగా తెరకెక్కించింది. హీరో ఎవరనుకుంటున్నారు? ఒకప్పుడు ప్రపంచాన్ని ఊపేసిన అందగాడు అలెన్ డెలాన్! నవలల్లో మోంతాలే నలభైల్లో ఉంటాడు, డెలాన్‌కి అప్పటికి 66. వయసు సంగతి అభిమానులు సర్దుకునేవారేమో. అసలు చిక్కు వేరు. మోంతాలే ఏ నేషనల్ ఫ్రంట్ పేరు వింటే మండిపడతాడో ఆ పార్టీ నేత లె పెన్‌కి డెలాన్ బాహాటంగా స్నేహితుడు. ఇజో అభిమానులు భగ్గుమన్నారు. అదే ఏడాది 'టోటల్ ఖెయోప్స్' సినిమాగానూ వచ్చింది. అందులో రిషార్ బోరింజే మోంతాలేగా చేశాడు. పాత్రకు ఆ ముఖమే సరిపోయిందనేవాళ్లున్నా, జనానికి గుర్తుండిపోయింది మాత్రం 2024లో మరణించిన డెలానే.

మోంతాలే లేని మార్సెయ్

ఇజో వెళ్లిపోయాక మార్సెయ్ చాలా మారింది. 2013లో యూరప్ సాంస్కృతిక రాజధాని హోదా దక్కింది, సముద్రం ఒడ్డున పెద్ద మ్యూజియం వెలిసింది. కలాంక్ కొండలు 2012లో జాతీయ పార్కు అయ్యాయి. లె గూద్‌కి ఎండాకాలం వస్తే కార్ల బారులు. పానియే సందుల్లో గోడలనిండా రంగురంగుల బొమ్మలు, వాటి ముందు ఫొటోలు దిగే యాత్రికులు. రేవుకి దగ్గర్లో ఓ మిడిల్ స్కూలుకు జాఁ క్లోద్ ఇజో పేరు పెట్టారు.

నవలల్లోని చీకటి మాత్రం చెదరలేదు. 2018 నవంబరు 5న ఇజోకి ఇష్టమైన నగర కేంద్రంలోనే, ఒబాన్య్ వీధిలో పాత భవనాలు కూలి ఎనిమిది మంది శిథిలాల కింద చనిపోయారు. 2023లో మాదకద్రవ్యాల ముఠాల గొడవల్లో 49 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో చాలామంది కుర్రాళ్లే.

ఇబ్రహీం అలీ చనిపోయిన రోడ్డుకి అతని పేరు పెట్టమని స్నేహితులు, కుటుంబసభ్యులు ఏటా ఫిబ్రవరి 21న అక్కడ చేరి అడుగుతూ వచ్చారు. 2021లో నగరపాలక సంస్థ ఒప్పుకుంది. అప్పటిదాకా అవెన్యూ దెజేగలాద్ అని పిలిచిన ఆ రోడ్డు ఇప్పుడు అవెన్యూ ఇబ్రహీం అలీ.